బ్లూటూత్ లేని పాత కారు స్టీరియోకి ఐపాడ్ లాంటిది కొనాలా?

మీరడిగింది క్లుప్తంగా ఇదే కదండీ, కారు పాతది, స్టీరియోకి యూఎస్‌బీ, ఆక్స్ (వైరుతో ఫోన్ కలిపే గుండ్రటి రంధ్రం) ఉన్నాయి గానీ బ్లూటూత్ లేదు, రోజూ విశాఖలో గాజువాక నుంచి మధురవాడ, అప్పుడప్పుడూ ఫ్యామిలీతో అరకు, ఐదు వేలల్లో ఐపాడ్ లాంటిదొకటి కొని కార్లోనే వదిలేద్దామని. నన్నడిగితే కొనకండి. మీ స్టీరియోనే ప్లేయరు, దానికి పాటలిస్తే చాలు, ఓ 32 జీబీ పెన్ డ్రైవ్ గుచ్చి మిగిలిన డబ్బులు ముందు డోర్ స్పీకర్ల మీద పెట్టండి, తేడా అక్కడ వినపడుద్ది.

ఐపాడ్ ఎందుకొద్దంటే, ఆపిల్ వాళ్లు 2022 మే లో ఆ లైనే ఆపేశారు, ఇప్పుడు దొరికేవి దాదాపు అన్నీ సెకండ్ హ్యాండే, లోపల బ్యాటరీ ఎలా ఉందో కొన్నాక గానీ తెలీదు. అది బాగానే ఉందనుకున్నా మన ఎండ ఉంది కదా. ఆఫ్ చేసి పక్కన పెట్టినా 45 డిగ్రీలు దాటనివ్వొద్దని ఆపిల్ వాళ్లే రాశారు, మే నెల మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో అద్దాలెత్తి కారు పెట్టి ఓ గంటాగి వస్తే స్టీరింగే పట్టుకోలేం, ఇంక డాష్‌బోర్డ్ మీద లిథియం బ్యాటరీ సంగతేటి చెప్పండి. ఫియో, సోనీ వాక్‌మన్ లాంటి కొత్త ప్లేయర్లకీ ఇదే బాధ. అవి మంచివి కాదనను, నా దగ్గరా ఒకటుంది, కానీ అది రాత్రి ఇంట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినడానికి. ఎన్ఏడీ జంక్షన్‌లో ఓ పక్క లారీ, ఇంకో పక్క ఆర్టీసీ బస్సు, పైన ఏసీ ఫ్యాన్ సౌండు, అందులో క్వాలిటీ ఏమాత్రం తగ్గించని ఫ్లాక్ ఫైలుకీ, కుదించిన 320 కేబీపీఎస్ ఎమ్‌పీ3కీ తేడా పట్టేవాళ్లుంటే వాళ్లకో దండం.

సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టి, ఫోన్లో పాటని చిన్న రేడియో స్టేషన్‌లా స్టీరియోకి పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ జోలికి కూడా వెళ్లకండి. దానికి ఖాళీ ఫ్రీక్వెన్సీ కావాలి, మన ఊళ్లో 91.1, 92.7, 93.5, 98.3, 102 అన్నీ నిండిపోయాయి, మధ్యలో ఎక్కడో ఖాళీ దొరికినా శ్రీకాకుళం వైపు వెళ్తుంటే అదే చోట ఇంకో స్టేషన్ కొంచెం కొంచెంగా దూరుద్ది. ఆక్స్ లేని స్టీరియో అయితే గతిలేక వాడాలి, మీకా అవసరం లేదు.

ఇప్పుడు పెన్ డ్రైవ్. చాలామంది గుచ్చేసి "నో ఫైల్" అని వస్తే స్టీరియో పాడైపోయిందనుకుంటారు. పాత స్టీరియోలు ఎక్కువగా ఫ్యాట్32 అనే ఫార్మాట్ (డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి) మాత్రమే చదువుతాయి, 64 జీబీ, ఆ పైవి మామూలుగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, అందుకే 32 తీసుకోమంటున్నా. ఐదు నిమిషాల పాట 320లో సుమారు 12 ఎమ్‌బీ, అంటే రెండున్నర వేల పాటలు పడతాయి, ఏం తక్కువ? ఎమ్‌పీ3ల్లోనే పెట్టండి, మిగతా రకాల పాట ఫైళ్లు కొన్ని స్టీరియోలు చదవవు. పాటల పేర్లు తెలుగు లిపిలో ఉంటే డిస్‌ప్లేలో డబ్బాలు డబ్బాలుగా వస్తాయి, ఇంగ్లీష్ అక్షరాల్లోకి మార్చుకోండి. ఇంకోటి, చాలా స్టీరియోలు అక్షర క్రమం చూడవు, మీరు ఏ వరసలో కాపీ చేస్తే ఆ వరసలోనే వాయిస్తాయి, కాబట్టి ముందు కంప్యూటర్లో ఫోల్డర్లన్నీ సర్దేసుకుని అప్పుడు ఒక్కొక్కటీ వరసగా ఎక్కించండి. ఫోల్డర్లు కూడా సినిమా వారీగా కాకుండా మనుషుల వారీగా చెయ్యండి, మా కార్లో మావయ్యగారికి ఘంటసాల ఫోల్డర్, పిల్లలకొకటి, మా ఆవిడకొకటి, నాకు బాలు గారు, ఫోల్డర్ బటన్ నొక్కితే గొడవ లేదు, రోడ్డు మీంచి చూపు తిప్పక్కర్లేదు కూడా.

ఇక్కడ ఒక ముఖ్యమైన పని ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. 1950ల నాటి పాట సన్నగా వినపడుద్ది, వెంటనే ఈ మధ్య వచ్చిన మాస్ పాట పడితే వెనక సీట్లో నిద్రపోతున్న వాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. ఎమ్‌పీ3గెయిన్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఫోల్డర్ మొత్తం అందులో వేసి 89 డీబీకి పెడితే అన్నీ దగ్గర దగ్గర సౌండుకి వస్తాయి. అది పాటని మళ్లీ కంప్రెస్ చెయ్యదు, ఫైల్లో సౌండు ఎంతుండాలో చెప్పే గెయిన్ అంకెని మాత్రం మారుస్తుంది, అందుకే క్వాలిటీ పోదు, ఎంత పాత స్టీరియోలోనైనా పనిచేస్తది. కొన్ని ఫోన్ యాప్స్ చదివే రీప్లేగెయిన్ ట్యాగుల్ని (సౌండు ఎంత మార్చాలో ఫైల్లో రాసిపెట్టే సూచనలు) ఈ పాత స్టీరియోలు పట్టించుకోవు.

కొనేటప్పుడు చిన్న సైజుది తీసుకోండి, పోర్టులోంచి వేలంత బయటికి పొడుచుకొస్తే గేరు మారుస్తున్నప్పుడు చెయ్యి తగిలి విరుగుద్ది. డాబాగార్డెన్స్‌లో దొరుకుతాయి, కానీ మరీ చవగ్గా "1 టీబీ" అని కనపడితే ఆశపడకండి, అలాంటివి చాలావరకు దొంగవి, లోపల ఉండేది కొద్దిగానే, అది నిండాక ఎక్కించిన పాటలు పాడైపోతాయి. బీచ్ రోడ్ సైడు ఇల్లయితే ఉప్పుగాలికి యూఎస్‌బీ పోర్టు, ఆక్స్ పిన్నూ మసకబారతాయి, అప్పుడప్పుడు తీసి కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి.

ఫోన్లోంచి వినాలని కూడా ఉంటే, మ్యాప్స్ వాయిస్ కోసమైనా ఉంటదిలెండి, ఆక్స్‌లో గుచ్చే చిన్న బ్లూటూత్ రిసీవర్ ఒకటి పెట్టుకోండి. సొంత బ్యాటరీ ఉన్నది చూసుకోండి, ఎందుకంటే కారు సాకెట్లోంచి ఛార్జింగ్ పెట్టి అదే కారు స్టీరియోకి ఆక్స్ కలిపితే గ్రౌండ్ లూప్ అయ్యి, అంటే రెండు దారుల్లో ఎర్త్ కలిసి కరెంటు రొద పాటలోకి దూరి, యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ కీ...మని ఈల పెరుగుద్ది. అలా వస్తే వైరు మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ దొరుకుతుంది, సాధారణంగా ఆగిపోద్ది. బ్యాటరీ ఉన్న రిసీవర్ని మాత్రం దిగేటప్పుడు జేబులో వేసుకెళ్లండి, పైన చెప్పిన ఎండ కథే. ఫోన్ వాల్యూమ్ దాదాపు పైకి పెట్టి స్టీరియో నాబ్‌తో తగ్గించుకోవాలి, రివర్స్‌లో చేస్తే బుస్సుమనే సౌండొస్తది.

కానీ ఒక్క స్ట్రీమింగ్ మీదే ఆధారపడకండి. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కాక చాలాచోట్ల సిగ్నల్ పోద్ది, పాట మధ్యలో గుండ్రంగా తిరుగుతూ కూర్చుంటది. స్పాటిఫైలో అయితే డౌన్‌లోడ్ చేసుకోడానికి డబ్బు కట్టాలి, కట్టినా 30 రోజులకోసారి నెట్‌కి కలపాలి.

మీ స్టీరియో మోడల్ నంబర్ పెట్టండి, కొన్నిటికి ఇన్ని ఫోల్డర్లు, ఇన్ని ఫైళ్లు అని లిమిట్ ఉంటది, మాన్యువల్ చూసి చెప్తా, పెన్ డ్రైవ్ అది తేలాకే నింపుకోవచ్చు.