నీ పే స్టబ్ చూశాను చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, వాడి జీతంలో ఏదో తప్పుగా కోస్తున్నారట, అడిగితే ఉద్యోగానికి ఎసరొస్తుందేమోనని వాడు నోరు విప్పడం లేదు" అంది. నువ్వు పంపిన పే స్టబ్ (జీతం చీటీ) ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ చూశాను. పద్దెనిమిదేళ్ళు పేరోల్ (జీతాల లెక్కల) పని చేసిన కళ్ళు కదా, రెండో లైన్ దగ్గరే ఆగిపోయాయి.

టెక్సాస్‌లో ఉన్నావు కాబట్టి స్టేట్ ట్యాక్స్ గోల లేదు. నీ జీతంలో కనిపిస్తున్న కోతలు మూడే: ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్. మొదటిది పోవాల్సిందే. మిగతా రెండూ పోకూడదు. ఆ రెండింటినీ కలిపి ఇక్కడ ఫైకా అంటారు. 6.2 శాతం, 1.45 శాతం, వెరసి 7.65 శాతం. ఎఫ్-1 వీసా మీద చదువుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఇది వర్తించదు. చదువయ్యాక పని చేసే అనుమతి ఓపీటీ అయినా, దాని పొడిగింపు స్టెమ్ ఓపీటీ అయినా ఎఫ్-1 లోనివే కదా. నువ్వు 2022 ఆగస్టులో దిగావు. ఆ ఏడాది నాలుగైదు నెలలే ఉన్నా దాన్ని పూర్తి సంవత్సరంగానే లెక్కేస్తారు. అంటే 2022 నుంచి 2026 దాకా నీకు మినహాయింపు ఉంది. ఇక్కడే ఉంటే 2027 జనవరి 1 నుంచి నువ్వూ కట్టాలి. ఈలోగా హెచ్-1బీ ఉద్యోగ వీసా వస్తే, అది మొదలైన రోజు నుంచే కట్టాలి. ఆ తర్వాత కోశారని మళ్ళీ గొడవ పెట్టుకోకు.

నీది నెలకి 6,000 డాలర్లు. అందులో 459 ఫైకాకి పోతోంది. 2024 జూన్ నుంచి డిసెంబరు దాకా ఏడు నెలలకి 3,213. నీ డబ్ల్యూ-2 (కంపెనీ ఏడాదికోసారి ఇచ్చే జీతం, పన్నుల కాగితం) తీసి చూడు, నాలుగో గడిలో సోషల్ సెక్యూరిటీ 2,604, ఆరో గడిలో మెడికేర్ 609 ఉండాలి. ఈ ఏడాది, అంటే 2025లో, సెప్టెంబరు దాకా ఇంకో 4,131. వదులుకునే డబ్బు కాదు.

నీ రూమ్మేట్లు "ఏప్రిల్‌లో రిటర్ను వేస్తే అదే వచ్చేస్తుంది" అన్నారట. రాదు నాన్నా. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఎక్కువ పట్టుకుంటే రిటర్నులో తేలిపోతుంది, తేడా వెనక్కి వస్తుంది. ఫైకా ఆ లెక్కలోకే రాదు. ఈ ఐదేళ్ళూ నువ్వు నాన్ రెసిడెంట్‌వి, అంటే ట్యాక్స్ లెక్కలో ఇక్కడి నివాసివి కావు; అలాంటివాళ్ళు వేసే రిటర్ను 1040-ఎన్నార్. 1040-ఎన్నార్‌లో ఎంత వెతికినా దాన్ని వెనక్కి అడిగే చోటు నీకు కనబడదు. దీన్ని విడిగా అడగాలి, అదీ ముందు కంపెనీనే అడగాలి. వాళ్ళు కుదరదంటేనో, జవాబే ఇవ్వకపోతేనో అప్పుడు ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) దగ్గరికి వెళ్ళాలి.

అడగడానికి నీకున్న భయం నాకు అర్థమైంది. రేపు హెచ్-1బీ వేయాల్సింది వాళ్ళే కదా అని. కానీ ఒక సంగతి విను. నీ దగ్గర 7.65 శాతం కోసినప్పుడల్లా కంపెనీ కూడా తన జేబులోంచి అంతే కడుతుంది. నీ 3,213 తప్పుగా పోయిందంటే వాళ్ళ 3,213 కూడా అలాగే పోయిందన్నమాట. సరిచేస్తే ఆ డబ్బు వాళ్ళకీ వెనక్కి వస్తుంది. కాబట్టి ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, వాళ్ళ డబ్బు కూడా పోతోందని చెబుతున్నట్టు రాయి.

ఈ తప్పు నేనూ చేశాను. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త మనిషిని ఎక్కించేటప్పుడు ఫైకా దానంతటదే ఆన్‌లో ఉంటుంది, మినహాయింపు ఉంటే మనమే వెళ్ళి తీసేయాలి. మా ఆఫీసులో చేరిన ఒక కుర్రాడికి నేను తీయలేదు. ఎనిమిది నెలల తర్వాత కాగితం పట్టుకుని వచ్చాడు. మొదట నాకు ఒళ్ళు మండింది, ఇన్నేళ్ళ అనుభవం ఉన్న నాకే చెబుతాడా అని. ఆ రాత్రి ఐఆర్ఎస్ పబ్లికేషన్ 519 తీసి చదివితే వాడిదే కరెక్టు. మర్నాడు మా ఓనర్‌కి కంపెనీ వాటా కూడా వెనక్కి వస్తుందని చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. అందుకే చెబుతున్నా, పేరోల్ వాళ్ళు దొంగలేం కాదు. వాళ్ళకి నీ వీసా సంగతి తెలియదు, అంతే.

మెయిల్ చిన్నగా రాయి. ఎఫ్-1 ఓపీటీ మీద ఉన్నానని, 2022 ఆగస్టులో వచ్చానని, ట్యాక్స్ లెక్కలో ఇంకా నాన్ రెసిడెంట్‌నేనని, సెక్షన్ 3121(బీ)(19) ప్రకారం ఫైకా వర్తించదని చెప్పు. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన కాగితం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఈఏడీ (పని అనుమతి కార్డు) కాపీలు జత చెయ్. కోత ఆపమని, ఇప్పటిదాకా పట్టుకున్నది తిరిగి ఇవ్వమని అడుగు. ఫోన్‌లో మాట్లాడినా సరే, ఆ తర్వాత ఒక మెయిల్ పడాలి. కుదరదని వాళ్ళు రాసినా అది నీకు పనికొచ్చే కాగితమే.

ఈ ఏడాది డబ్బు సరిచేయడం వాళ్ళకి సులువు. డిసెంబరు లోపు నీకు తిరిగి ఇచ్చేస్తే జనవరిలో వచ్చే డబ్ల్యూ-2 లోనే అంతా సరిగ్గా ఉంటుంది. కాబట్టి ఈ వారమే మెయిల్ పంపు, పండగ సెలవులు వస్తే ఆ ఆఫీసుల్లో ఎవరూ దొరకరు. 2024 సంగతికి వాళ్ళు 941-ఎక్స్ (కంపెనీ తన పేరోల్ పన్ను రిటర్నుని సరిచేసే ఫారం) వేసి, నీకు డబ్ల్యూ-2సీ (సరిచేసిన డబ్ల్యూ-2) ఇవ్వాలి. ఈ డబ్బు నేను విడిగా ఐఆర్ఎస్‌ని అడగలేదు, అడగను అని నీ చేత సంతకం పెట్టించుకుంటారు. కంగారుపడకు, అది రూలే.

"ఎందుకులే, ముసలితనంలో సోషల్ సెక్యూరిటీ వస్తుందిగా" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. అది రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, అంటే కనీసం పదేళ్ళ పని. ఇండియాకి వెళ్ళిపోతే అక్కడి సర్వీసు ఇక్కడ కలిపే ఒప్పందం మన రెండు దేశాల మధ్య లేదు.

కంపెనీ ఉలుకూ పలుకూ లేకపోతే పన్ను వెనక్కి ఇవ్వమని ఐఆర్ఎస్‌ని అడిగే ఫారం 843 నింపు, దానితో ఫారం 8316 జత చెయ్. కంపెనీని ఎప్పుడు అడిగావో, ఏమన్నారో 8316లో రాయాలి. ఏడాదికో 843 వేరుగా వెయ్యి. డబ్ల్యూ-2, పాస్‌పోర్టులో వీసా పేజీ, ఐ-94, ఐ-20, ఈఏడీ కాపీలు పెట్టు. పోస్టులోనే పంపాలి. అడ్రసు రూమ్మేట్‌ని అడగకుండా ఆ ఏడాది సూచనల్లో చూసి రాయి. సర్టిఫైడ్ మెయిల్ చేసి రసీదు దాచుకో. 2024 కోతకి గడువు 2028 ఏప్రిల్ 15 దాకా ఉంది. అలాగని అప్పటిదాకా కూర్చోకు, మీ కంపెనీలాంటి కన్సల్టెన్సీలు అప్పటికి ఉంటాయో లేదో.

ఇంకో ముఖ్యమైన సంగతి. పోయినసారి నువ్వు వేసిన రిటర్ను 1040 అయితే నాకు వెంటనే చెప్పు. స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి పన్ను లేకుండా తీసేసే మొత్తం) కోసం అందరూ అదే వేస్తున్నారని నువ్వూ వేసి ఉంటావేమోనని నా అనుమానం. అది రెసిడెంట్లు వేసేది. అందులో రెసిడెంట్‌నని చెప్పి, 843లో నాన్ రెసిడెంట్‌నని ఎలా చెబుతావు? ముందు 1040-ఎక్స్‌తో దాన్ని సరిచేయాలి. అయినా మన ఇండియా విద్యార్థులకి ఇండియా-అమెరికా పన్ను ఒప్పందం ఆర్టికల్ 21(2) కింద 1040-ఎన్నార్‌లోనే స్టాండర్డ్ డిడక్షన్ దొరుకుతుంది. 2024కి 14,600 డాలర్లు. చేతిలో ఉన్నదాని కోసం తప్పు ఫారం వేయడం దేనికి చెప్పు. ఎఫ్-1 విద్యార్థులు వేయాల్సిన ఫారం 8843 వేశావో లేదో కూడా చూసుకో.

ఐఆర్ఎస్ నుంచి చెక్కు రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఇల్లు మారితే ఫారం 8822తో కొత్త అడ్రసు తెలియజెయ్. లీజు మార్చిలో అయిపోతుందని మీ అమ్మ చెప్పింది, అందుకే రాస్తున్నా.

మెయిల్ రాసి, పంపే ముందు ఒకసారి నాకు చూపించు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ, ఎడిసన్ నుంచి