చెట్టెక్కి కోసే పనికి రక్షణ సామగ్రి ఎవరు కొనాలి?

ప్రశ్న: చెట్లు కొట్టే కాంట్రాక్టర్ దగ్గర రెండేళ్లుగా నేల మీదే ఉండి చేసే కింద పని చేస్తున్నాను. కొమ్మలు లాగడం, ముక్కలు కోయడం, బండికెత్తడం నా పని. ఇప్పుడు చెట్టెక్కి కోసే పనికి రమ్మంటున్నారు. కూలి కొంత పెరుగుతుంది. కానీ హెల్మెట్, హార్నెస్ (పడిపోకుండా ఒంటికి బిగించుకునే పట్టీలు), తాళ్లు, చైన్‌సా (మోటారుతో నడిచే గొలుసు రంపం) కోత తగలకుండా వేసుకునే ప్యాంటు, బూట్లు అన్నీ నేనే కొనుక్కోవాలట. అన్నీ కలిపితే నా నెలన్నర సంపాదన. చేతిలో డబ్బు లేకపోతే తానే కొనిచ్చి, నెలకు కూలిలో పదో వంతు చొప్పున పదిహేను నెలలు పట్టుకుంటానంటున్నారు. మా దగ్గర రెండు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. అది తీసి కొననా, అప్పు చేయనా, కూలిలో కోతకు ఒప్పుకోనా? పని మానేస్తున్న ఒకతను తన పాత హార్నెస్, తాళ్లు సగం ధరకు ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: మీరు అడిగిన మూడు దారుల్లోనూ డబ్బు పోయేది మీ ఇంట్లోంచే. కాబట్టి వాటిలో ఏది మేలో చూసే ముందు, ఈ ఖర్చు అసలు మీదా కాదా అన్నది తేల్చుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి నా సలహా ఇది: బూట్ల విషయంలో కాస్త బేరసారాలకు చోటుంది. మిగతావన్నీ కాంట్రాక్టరే కొనివ్వాలి. పొదుపు ముట్టుకోకండి, అప్పు చేయకండి, కోతకూ ఒప్పుకోకండి.

చాలా దేశాల చట్టాలు చెప్పేదీ ఇదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం, పనిచోట భద్రత కోసం తీసుకునే చర్యల ఖర్చు కార్మికుడి మీద పడకూడదంటుంది. యూరోపియన్ యూనియన్ 1989లో ఇచ్చిన ఆదేశం ప్రకారం రక్షణ సామగ్రిని యజమాని ఉచితంగా ఇవ్వాలి. బ్రిటన్‌లో 1974 నాటి చట్టమే ఇందుకోసం ఉద్యోగి దగ్గర డబ్బు వసూలు చేయకూడదంది. సామగ్రి ఇచ్చే బాధ్యతను 2022 ఏప్రిల్ నుంచి పూర్తి ఉద్యోగి హోదా లేకుండా అప్పుడప్పుడూ పనికి వచ్చేవాళ్లకూ వర్తింపజేశారు. అమెరికాలో 2008 నుంచి అమల్లో ఉన్న నిబంధన కూడా ఖర్చును యజమాని మీదే పెట్టింది, కొన్ని మినహాయింపులతో. బయట కూడా వేసుకోగలిగే మామూలు సేఫ్టీ బూట్లు ఆ మినహాయింపుల్లో ఒకటి. అక్కడ అడవిలో కలప కొట్టేవాళ్లు వేసుకునే ప్రత్యేక బూట్లకు కూడా యజమాని డబ్బు కట్టనక్కర్లేదు. బూట్ల దగ్గర బేరానికి చోటుందని నేనన్నది అందుకే. మీరున్న చోట నియమం ఎలా ఉందో కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు. అడగడానికి ఖర్చేమీ ఉండదు.

చట్టం సంగతి అలా ఉంచి, డబ్బు లెక్కలోనూ ఇదే న్యాయం. ఏ చెట్టు ఒప్పుకోవాలి, ఎంతకు ఒప్పుకోవాలి, ఎన్ని గంటల్లో ముగించాలి అన్నవన్నీ కాంట్రాక్టర్ నిర్ణయాలు. చెట్టు యజమానికి రేటు చెప్పేది ఆయనే. సామగ్రి ఖర్చును ఆయన ఏడాది పొడవునా చేసే పనులన్నిటి మీదా పంచుకోగలరు. మీకు ఆ వీలు లేదు. మీ చేతికొచ్చేది రోజు కూలి ఒక్కటే, ఈ ఖర్చు దాంట్లోంచే పోవాలి, అంటే ఇంటి సరుకులకో పిల్లల ఫీజుకో తగ్గాలి.

ఇంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఇవి ఒకసారి కొంటే ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉండే వస్తువులు కావు. చైన్‌సా ప్యాంటునే తీసుకోండి. దాని లోపల పొడవైన వదులు పోగులు పొరలుపొరలుగా ఉంటాయి. గొలుసు తగలగానే ఆ పోగులు బయటికొచ్చి రంపం చక్రానికి చుట్టుకుని, క్షణంలో దాన్ని ఆపేస్తాయి. మీ కాలు దక్కుతుంది. కానీ ఆ ప్యాంటు పని అయిపోయినట్టే. కుట్టించుకుని మళ్లీ వేసుకుంటే, కుట్టుకు లోపలి పోగులు బిగుసుకుపోయి రెండోసారి బయటికి రావు. తాడుకు గొలుసు గాటు పడితే ఆ తాడు మీద మళ్లీ మనిషి వేలాడకూడదు. పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్, పైకి పగులు కనబడకపోయినా, పక్కన పెట్టేయాలి. బ్రిటన్‌లోనైతే చెట్టెక్కే సామగ్రినంతా ప్రతి ఆరు నెలలకోసారి అర్హత ఉన్న మనిషి చేత క్షుణ్ణంగా పరీక్ష చేయించి, కాగితం మీద రాసి ఉంచాలి.

ఈ ఖర్చు మీ నెత్తిన ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. ప్రమాదం తృటిలో తప్పిన రోజు సాయంత్రమే కొత్త ప్యాంటుకు డబ్బు వెతుక్కోవాలి. ఆ నెల అద్దె కూడా కట్టాల్సి ఉంటుంది. చేతిలో డబ్బు ఆడని మనిషి పాతదాన్నే ఇంకో నెల లాగిద్దామనుకుంటాడు. ఆ మనిషిని నేను తప్పు పట్టను, ఇల్లు గడవాలంటే ఎవరైనా అదే చేస్తారు. అలాంటి స్థితి రాకూడదనే, మార్చే ఖర్చు కూడా పని నడిపించేవాళ్ల దగ్గరే ఉండాలంటున్నాను. కాబట్టి మాట్లాడేటప్పుడు మొదటి సెట్ ఎవరు కొంటారన్నదే కాకుండా, పాడైనప్పుడు ఎవరు మారుస్తారు, ఎవరు పరీక్ష చేయిస్తారు అని కూడా అడగండి. చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

ఇక ఆ పదిహేను నెలల కోత. వడ్డీ లేదు కాబట్టి చూడ్డానికి సాయంలాగే ఉంటుంది. నిజానికి అది ఏడాదికి పైగా మీ కూలి పది శాతం తగ్గించడమే. మధ్యలో వానలకు పని ఆగితే కోత ఆగుతుందా? ఎనిమిదో నెలలో మీరు మానేస్తే సామగ్రి ఎవరిది, మిగతా బాకీ ఏమవుతుంది? వీటన్నిటికన్నా నాకు టెన్షన్ కలిగించేది వేరే ఉంది. ఒకరికి బాకీ ఉన్న మనిషి ఆయన చెప్పిన పని కాదనలేడు. గాలి గట్టిగా వీస్తున్నప్పుడో, కరెంటు తీగలు ఆనుకుని ఉన్నప్పుడో, లోపల పుచ్చిపోయిన చెట్టు కనబడినప్పుడో ‘ఇవాళ ఎక్కను’ అనగలగడం మీ పనిలో హెల్మెట్‌ ఎంత అవసరమో అంత అవసరం. ఆ మాట అనే స్వేచ్ఛను పదిహేను నెలలు తాకట్టు పెట్టకండి.

కాంట్రాక్టర్ వైపు నుంచి కూడా చూద్దాం. ఆయన భయం నిజమైనదే. కొత్త సామగ్రి కొనిస్తే, నెల తిరక్కముందే మనిషి దాంతోపాటు ఇంకో చోటికి వెళ్లిపోతాడేమోనని చాలామంది వెనకాడతారు. దీనికి కోత కన్నా మంచి మార్గం ఉంది. సామగ్రి ఆయనే కొంటారు, అది ఆయన ఆస్తిగానే ఉంటుంది. ఏమేం ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో ఒక కాగితం మీద రాసి మీరు సంతకం పెడతారు. మానేసినప్పుడు తిరిగి ఇచ్చేస్తారు. వాడకంలో అరిగితే ఆయన మారుస్తారు. మీరు పోగొట్టినా, కావాలని పాడుచేసినా ఆ ఖర్చు మీది. అమెరికా నిబంధన కూడా సరిగ్గా ఇక్కడే గీత గీసింది. ఈ ప్రతిపాదన మీరే ముందు పెట్టండి. మీరు అడుగుతున్నది దానం కాదని ఆయనకు అర్థమవుతుంది.

ఒక లెక్క కూడా చూపించండి. మొత్తం సామగ్రి మీ 45 రోజుల కూలి అనుకుందాం. కొన్ని త్వరగా పోతాయి, కొన్ని ఎక్కువ కాలం వస్తాయి, సగటున మూడేళ్లు అనుకోండి. ఏడాదికి 200 పని దినాలైతే 600 రోజులు. 45ను 600తో భాగిస్తే రోజుకు మీ కూలిలో ఏడున్నర శాతం. ఒక చెట్టు పనికి ఆయన చెప్పే రేటులో కూలీలందరి డబ్బు, బండి, ఇంధనం, ఆయన లాభం అన్నీ ఉంటాయి. ఆ మొత్తంలో ఒక్క మనిషి కూలిలో ఏడున్నర శాతం చాలా చిన్న భాగం. అదే భారం మీ ఒక్కరి మీద పడితే ఇంటి బడ్జెట్ తలకిందులవుతుంది.

‘నువ్వు నా పనివాడివి కాదు, సొంతంగా చేసుకునేవాడివి’ అని ఆయన అనవచ్చు. అలా అంటే మాట కన్నా పని తీరు చూడండి. మీ రేటు మీరే నిర్ణయిస్తున్నారా? ఆయన్ని కాదని వేరేవాళ్ల పని ఒప్పుకోగలరా? మీ బదులు ఇంకొకరిని పంపగలరా? ఈ ప్రశ్నలకు కాదు అనే జవాబులొస్తే, పేరు ఏం పెట్టినా మీరు ఆయన పనివారే. చాలా చోట్ల అధికారులు కూడా ఇలాగే చూస్తారు.

అవును అని జవాబొస్తే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు సామగ్రి మీ వ్యాపారం ఖర్చు, కాబట్టి అది మీ రేటులోంచి రావాలి, ఇంటి పొదుపులోంచి కాదు. పైన వేసిన ఏడున్నర శాతానికి పరీక్షల ఖర్చు, బీమా, పని దొరకని రోజులు కలిపి రేటు చెప్పండి. చెట్టెక్కినందుకు ఆయన పెంచుతానన్నది అంతకన్నా తక్కువైతే, ఎక్కువ ప్రమాదానికి తక్కువ డబ్బు తీసుకున్నట్టే. సామగ్రికి వేరే ఖాతా తెరిచి, వచ్చిన ప్రతి కూలిలోంచి ఆ వాటా అందులో వేయండి. బిల్లులు దాచండి, పన్ను లెక్కల్లో అవి వ్యాపార ఖర్చు కింద చూపించుకునే వీలు ఉండవచ్చు. ఆ ఖాతాలో మొత్తం సెట్‌కు సరిపడా డబ్బు చేరేదాకా కింద పనే చేయండి. హార్నెస్ ఇప్పుడు, ప్యాంటు వచ్చే నెల అని విడతలుగా కొంటూ మధ్యలో చెట్టెక్కడం మాత్రం వద్దు.

ఎవరు కొన్నా సరే, కొనేముందు కొన్ని వివరాలు మీరే చూసుకోవాలి. చైన్‌సా ప్యాంటుల్లో కాలి ముందు వైపు మాత్రమే రక్షణ ఉండేవి కింద పనికి. చెట్టు మీద ఒళ్లు ఎటైనా తిరుగుతుంది కాబట్టి కాలి చుట్టూ రక్షణ ఉన్న రకం కావాలి. వాటి మీద తరగతి అంకె కూడా ఉంటుంది. 1వ తరగతి సెకనుకు 20 మీటర్ల గొలుసు వేగానికి, 2వది 24కు, 3వది 28కు పరీక్షించినవి. మీ రంపం వేగానికి సరిపోయేది చూడండి. హెల్మెట్‌కు గడ్డం కింద పట్టీ ఉండాలి. హార్నెస్ మీ ఒంటి కొలతకు సరిపోవాలి, ఇద్దరు ముగ్గురు వంతులవారీగా ఒకటే వాడుకునే ఏర్పాటు మంచిది కాదు. చెట్టు మీద చైన్‌సా నడిపేటప్పుడు రెండు చోట్ల కట్టుకుని ఉండాలి, ఒక తాడు పొరపాటున తెగినా రెండోది పట్టుకుంటుంది. కాబట్టి ఒక్క తాడుతో సరిపెట్టే జాబితా ఇస్తే అది అసంపూర్ణమని చెప్పండి.

చెవుల గురించి మీరు రాయలేదు. చైన్‌సా శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ సూచన ప్రకారం 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండవచ్చు, 100లో పావుగంట మాత్రమే. పోయిన వినికిడి తిరిగి రాదు. మీరు రెండేళ్లుగా కింద ముక్కలు కోస్తున్నారు కాబట్టి, చెట్టెక్కే పని ఒప్పుకున్నా మానినా, ఇయర్‌మఫ్‌లు, కళ్లకు అద్దాలు రేపే అడగండి.

సగం ధరకు వస్తున్న పాత హార్నెస్, తాళ్లు తీసుకోకండి. ఎండ, రసాయనాలు, లోపలి పోగుల రాపిడి ఇవేవీ పైకి కనబడవు. పడిపోతున్న మనిషిని ఎన్నిసార్లు ఆపిందో, ఎక్కడ నిల్వ చేశారో చెప్పే రికార్డు లేని సామగ్రి ఉచితంగా ఇచ్చినా వద్దు. అమ్ముతున్నతను మంచివాడే కావచ్చు, కానీ అతనికీ ఆ వివరాలన్నీ గుర్తుండవు.

మీ రెండు నెలల పొదుపు అలాగే ఉంచి, వీలైతే దాన్ని ఆరు నెలల ఖర్చు దాకా పెంచండి. ఒంటితో చేసే పనిలో చిన్న బెణుకు కూడా వారాల కూలిని ఆపేస్తుంది. ఆ రోజుల కోసం దాచిన డబ్బును ముందే సామగ్రికి పెట్టేస్తే అవసరానికి ఏమీ మిగలదు.

చివరగా బీమా. మీకు జీవిత బీమా గానీ ప్రమాద బీమా గానీ ఉంటే, పాలసీ కాగితంలో వృత్తి అని రాసినచోట ఏముందో చూడండి. కింద పనిచేసే కూలీ అనో తోటపని అనో ఉండి, మీరు చైన్‌సాతో చెట్టు మీద ఉండగా ఏమైనా జరిగితే, వృత్తి మార్పు చెప్పలేదని క్లెయిమ్ నిరాకరించే ప్రమాదం ఉంది. ప్రీమియం కొంచెం పెరిగినా సరే, మార్పును రాతపూర్వకంగా తెలిపి, వాళ్లిచ్చే జవాబు కాగితం ఇంట్లో మీ ఆవిడకు తెలిసిన చోట పెట్టండి. కాంట్రాక్టర్ దగ్గర కార్మికులకు ప్రమాద పరిహారం బీమా ఉందా, అందులో చెట్టెక్కే పని చేరి ఉందా అని కూడా అడిగి, ఆ పాలసీ కాపీ చూశాకే మొదటి చెట్టెక్కండి.