రాగం పేరు ఇస్తే మేళకర్త సంఖ్య (కర్ణాటక సంగీతంలోని 72 మూల రాగాల్లో దాని వరుస సంఖ్య) చెప్పే ప్రోగ్రామ్ ఎలా రాయాలి?

చిన్న పనే, పైథాన్‌లో ఇరవై లైన్లు చాలు. ఈ రాగాల పేర్లలోనే వాటి సంఖ్య దాగి ఉంటుంది, దాన్ని కటపయాది అనే పద్ధతితో, అంటే అక్షరాల్ని అంకెలుగా చదివి, బయటికి తీయొచ్చు. ఇందులో అక్షరం విలువంటే వరుసలో దాని స్థానమే: క నుంచి ఝ దాకా 1–9, ఞ 0; ట నుంచి ధ దాకా 1–9, న 0; ప నుంచి మ దాకా 1–5; య ర ల వ శ ష స హ ళ 1–9. వీటిని నాలుగు స్ట్రింగులుగా పెట్టుకుని, అక్షరం ఉన్న ఇండెక్స్‌కి ఒకటి కలిపి 10తో భాగించి శేషం తీసుకోండి. పేరులో మొదటి రెండక్షరాల విలువలు తిరగేస్తే చాలు. మేచకల్యాణిలో మే 5, చ 6, కాబట్టి 65.

అసలు తిప్పలు యూనికోడ్‌తో. మనకి ‘మే’ ఒక్క అక్షరం, కానీ పైథాన్‌కి మ వేరు, ఏత్వం వేరు, అందుకే రెండో అక్షరం అడిగితే చ బదులు ఏత్వం చేతిలో పెడుతుంది. గుణింతం గుర్తుల్ని వదిలేయండి.

ఒత్తులున్నచోట పొల్లు ఉన్న హల్లు వదిలి తర్వాతది తీసుకుంటే ధర్మవతికి 59 సరిగ్గా వస్తుంది. కానీ చక్రవాకానికి 26 వస్తుంది, ఉండాల్సింది 16, ఎందుకంటే అక్కడ లెక్కకొచ్చేది ర కాదు, క. దివ్యమణి (48), విశ్వంభరి (54), సున్న ఉన్న సింహేంద్రమధ్యమం (57) కూడా ఇలాంటివే. నియమాన్ని సాగదీయకుండా వీటిని విడిగా ఒక డిక్షనరీలో పెట్టి, ముందు అందులో వెతకండి. ఉన్నవి 72 మేళకర్తలే కదా, అన్నీ ఒకసారి నడిపి సరిచూసుకోండి.