పైథాన్‌లో తెలుగు మెయిల్ సబ్జెక్టు, అటాచ్‌మెంట్ పేరు గజిబిజిగా వస్తే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఐమ్యాప్ (సర్వర్ నుంచి మెయిళ్లు తెచ్చుకునే పద్ధతి)తో మెయిళ్లు దించుకుని పైథాన్ ఈమెయిల్ లైబ్రరీతో చదువుతున్నారు. ఇంగ్లిష్ మెయిళ్లకు ఇబ్బంది లేదు. తెలుగు సబ్జెక్టు మాత్రం =?యూటీఎఫ్-8?బి? అంటూ మొదలై, వెనకాల అర్థం కాని అక్షరాలతో వస్తోంది. దాన్ని ప్రశ్నార్థకాల దగ్గర స్ప్లిట్ చేసి బేస్64ను (బైట్లను మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలుగా రాసే పద్ధతి) విప్పుతున్నారు. చిన్న సబ్జెక్టులు తెలుగులోకి వస్తున్నాయి, పొడుగు సబ్జెక్టులకు యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ వస్తోంది. కొన్ని మెయిళ్లలో లోపలి మ్యాటర్ కూడా పాడవుతోంది.

ముందు చేయాల్సిన పని చెప్తాను. ఆ స్ప్లిట్ కోడ్ మొత్తం తీసేయండి. ఐమ్యాప్ ఇచ్చిన బైట్లను స్ట్రింగ్‌గా మార్చకుండా అట్లాగే మెసేజ్_ఫ్రమ్_బైట్స్ ఫంక్షన్‌కు ఇవ్వండి, దాంతో పాటు పాలసీ=పాలసీ.డిఫాల్ట్ అని కూడా ఇవ్వండి (మెయిల్‌ను ఏ పద్ధతిలో చదవాలో లైబ్రరీకి చెప్పేదే పాలసీ). తర్వాత మెసేజ్‌లోంచి సబ్జెక్ట్ హెడర్ (మెయిల్ పైభాగంలో ఉండే వివరాల వరస) అడిగితే నేరుగా తెలుగులోనే వస్తుంది. పాలసీ ఇవ్వకపోతే, పాత ప్రోగ్రాములు ఆగిపోకూడదని లైబ్రరీ కంపాట్32 అనే పాత పద్ధతిలో నడుస్తుంది. ఆ పద్ధతిలో హెడర్ ఎట్లా వచ్చిందో అట్లాగే మన చేతికి వస్తుంది. కొత్త పద్ధతి 3.6 వెర్షన్ నుంచి స్థిరపడింది, కాబట్టి వాడటానికి భయపడక్కర్లేదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణానికి చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. బయటి ఊళ్ల కొనుగోలుదారులు రోజూ సాయంత్రం ఆనాటి లెక్కల పీడీఎఫ్‌లు మెయిల్ చేస్తారు. ఫైల్ పేరు సరుకు పేరే: మిర్చి, పత్తి, పసుపు, మక్కలు. లైనక్స్ కంప్యూటర్‌లో నడిచే నా ప్రోగ్రామ్ వాటిని దించి ఆ రోజు ఫోల్డర్‌లో పెట్టాలి. మిర్చి సీజన్ మొదలైన వారంలోనే గుమస్తా ఫోన్ చేశాడు: "అన్నా, పసుపు కాయిదాలు వస్తున్నయ్, మక్కలయి వస్తున్నయ్, పేర్లే ఏందో తిక్కతిక్కగున్నయ్. మిర్చియి, పత్తియి మాత్రం ఒక్కటి రాలే. వాళ్లేమో పంపినమంటున్నరు."

మూడు రోజుల మిర్చి లెక్కలు లేవు. మార్కెట్ యార్డు నిండా మిర్చి బస్తాలున్న సమయం అది, రైతులకు పైసలు లెక్క తేల్చాల్సిన సమయం. చాలా టెన్షన్ పడ్డాను. మెయిల్ బాక్స్‌లో చూస్తే మెయిళ్లన్నీ ఉన్నాయి. ప్రోగ్రామ్‌లో ఎర్రర్ వస్తే పట్టుకుని వదిలేసే ట్రై-ఎక్సెప్ట్ ఒకటి పెట్టాను, అందుకే ఏ కబురూ తెలియలేదు. అది తీసేసి మళ్లీ నడిపితే "అలాంటి ఫైల్ గానీ ఫోల్డర్ గానీ లేదు" అని వచ్చింది. నేను కొత్తగా ఫైల్ రాస్తుంటే, లేదనడం ఏమిటని ఆ రాత్రి కాగితం మీద లెక్క వేసుకుని కూర్చున్నాను. ఆ లెక్క మీకూ పనికొస్తుంది.

యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు, గుణింతపు గుర్తులకు, పొల్లుకు, సున్నకు అన్నింటికీ వేర్వేరు కోడ్లున్నాయి. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు కోడ్‌కూ సరిగ్గా మూడు బైట్లు. బేస్64 ఏమో మూడు బైట్లు తీసుకుని నాలుగు అక్షరాలు ఇస్తుంది. అంటే ఒక్కో తెలుగు కోడ్‌కు నాలుగు అక్షరాలు, ఎక్కువా తక్కువా ఉండదు. వాటిలో మొదటి మూడు ఎప్పుడూ 4ఎల్‌సీ లేదా 4ఎల్‌జీ. ముడి హెడర్‌లో ఈ మూడూ పదే పదే కనిపిస్తే లోపల తెలుగు ఉందని చూడగానే చెప్పొచ్చు. నాలుగోదే అసలు అక్షరాన్ని బట్టి మారుతుంది. బేస్64 వాడే 64 గుర్తుల్లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు పోగా చివరి రెండూ ప్లస్, స్లాష్. మన దీర్ఘానికి ఆ ప్లస్ వచ్చింది. గుడికి స్లాష్ వచ్చింది.

మిర్చిలో రెండు గుడులు. పత్తిలో ఒకటి. పసుపులో, మక్కల్లో గుడి లేదు. పాలసీ ఇవ్వని నా ప్రోగ్రామ్‌కు గెట్_ఫైల్‌నేమ్ విప్పని పేరునే ఇచ్చింది. లైనక్స్‌కు స్లాష్ అంటే ఫోల్డర్ గుర్తు కదా, గుడి ఉన్న ప్రతి చోటా లేని ఫోల్డర్ కోసం వెతికింది. పసుపు ఫైల్ మాత్రం తిక్క పేరుతోనైనా లోపలికి వచ్చి కూర్చుంది. (పేరు ముందు తేదీ అంకెలో స్పేసో ఉంటే బైట్ల వరస జరిగి స్లాష్ ఇంకో చోట పడొచ్చు. అందుకే ఇలాంటి తప్పు ఒకరోజు కనిపించి ఒకరోజు కనిపించదు.)

నియమం ప్రకారం ఫైల్ పేర్లను ఇట్లా సబ్జెక్టు పద్ధతిలో చుట్టకూడదు. వాటికి ఆర్ఎఫ్‌సీ 2231 అనే వేరే పద్ధతి ఉంది (ఆర్ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ నియమాల పత్రాలు), అందులో ప్రతి తెలుగు బైట్ ముందు శాతం గుర్తు వస్తుంది. అయినా చాలా మెయిల్ ప్రోగ్రాములు సబ్జెక్టు పద్ధతినే ఫైల్ పేరుకూ వాడేస్తాయి. పాలసీ.డిఫాల్ట్ ఇస్తే లైబ్రరీ రెండు రకాలనూ విప్పుతుంది. అంత మాత్రాన పంపినవాళ్లు పెట్టిన పేరుతోనే డిస్క్ మీద రాయకండి. ఎవరైనా కావాలని ఆ పేరులో స్లాష్‌లు పెట్టి పంపినా మన ఫోల్డర్లు చెదరకూడదు. నేనిప్పుడు తేదీ, వరస నంబరుతో సొంత పేరు పెట్టి, అసలు పేరును డేటాబేస్‌లో రాసుకుంటున్నాను.

ఇక మీ పొడుగు సబ్జెక్టుల సంగతి. ఆర్ఎఫ్‌సీ 2047 ప్రకారం చుట్టిన ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. ముందు =?యూటీఎఫ్-8?బి? అనే భాగం ఇంగ్లిష్‌లో 10, చివరి ?= ఇంకో 2. మిగిలినవి 63, నాలుగేసి లెక్కన 60. అంటే ఒక ముక్కలో పట్టేది 15 తెలుగు కోడ్లే. మిర్చి అనే మాటకే ఆరు కోడ్లు పోతాయి. అందుకని రెండు మూడు మాటలు దాటిన ప్రతి తెలుగు సబ్జెక్టూ ముక్కలవుతుంది. ఒక అక్షరపు బైట్లను రెండు ముక్కల మధ్య విరగ్గొట్టకూడదని నియమం చెప్తోంది, కానీ బైట్లు లెక్కపెట్టి కోసేసే మెయిలర్లు ఉన్నాయి. ముందు ముక్క చివర ఒక బైట్, తర్వాతి ముక్క మొదట్లో రెండు బైట్లు పడితే, మీరు దేనికదే విప్పినప్పుడు ఎర్రర్ రావడం ఖాయం. చిన్న సబ్జెక్టులు ఒక్క ముక్కలో ఇమిడిపోయాయి కాబట్టి బతికిపోయాయి.

ఏ కారణంగానైనా పాత పద్ధతిలోనే ఉండాల్సి వస్తే డీకోడ్_హెడర్, మేక్_హెడర్ జంటను వాడండి. పక్కపక్కన ఉన్న ముక్కలు ఒకే ఎన్‌కోడింగ్‌లో ఉంటే డీకోడ్_హెడర్ వాటి బైట్లను ముందు కలిపి ఇస్తుంది. రెండు ముక్కల మధ్య ఉన్న ఖాళీని కూడా తీసేస్తుంది. చేత్తో విప్పినప్పుడు ఆ ఖాళీ మాట మధ్యలో మిగిలిపోతుంది.

లోపలి మ్యాటర్‌కు రెండు పొరలు. మార్కెట్ లెక్కలో చెప్పాలంటే ఒకటి బస్తా, ఇంకొకటి లోపలున్న సరుకు రకం. బస్తా అంటే కంటెంట్ ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్: బేస్64 గానీ, బైట్‌ను = గుర్తుతో రాసే కోటెడ్ ప్రింటబుల్ గానీ. రకం అంటే క్యారెక్టర్ సెట్, ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పేది. గెట్_పేలోడ్‌కు డీకోడ్=ట్రూ ఇస్తే బస్తా మాత్రమే విప్పుతుంది, చేతికి బైట్లే వస్తాయి. అవి యూటీఎఫ్-8 అని మీరే చెప్పి డీకోడ్ చేయాలి. మెయిల్ మల్టీపార్ట్ (పలు భాగాలున్నది) అయితే అదే ఫంక్షన్ నన్ (ఏమీ లేదు) అని ఇస్తుంది, చాలామంది అక్కడ ఆగిపోతారు. కొత్త పద్ధతిలో గెట్_బాడీతో కావలసిన భాగాన్ని తీసుకుని గెట్_కంటెంట్ పిలిస్తే రెండు పొరలూ ఒకేసారి విడిపోతాయి.

కానీ ఒక చోట జాగ్రత్త. పంపినవాళ్ల ప్రోగ్రామ్ క్యారెక్టర్ సెట్ రాయడం మర్చిపోతే, 1996 నాటి మైమ్ (ఇంగ్లిష్ కాని అక్షరాలు, అటాచ్‌మెంట్లు మెయిల్‌లో పంపే పద్ధతి) నియమం ప్రకారం అది ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలకే సరిపోయే సెట్) అనుకోవాలి. గెట్_కంటెంట్ అట్లాగే అనుకుని, తెలుగు ఉన్న చోటల్లా నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం పెడుతుంది. ఆ స్ట్రింగ్‌లోంచి తెలుగును మళ్లీ రాబట్టలేం. అందుకే క్యారెక్టర్ సెట్ రాసి లేకపోతే నేను బైట్లు తీసుకుని ముందు యూటీఎఫ్-8తో ప్రయత్నిస్తాను. తెలుగు మెయిళ్లకు నాకు ఎక్కువసార్లు అదే సరిపోయింది.

ఇంకో రకం పాడవడం వేరు: నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా ప్లస్-మైనస్ గుర్తు, ఈ జంట పేజీ నిండా కనిపిస్తుంది. అది యూటీఎఫ్-8 తెలుగును లాటిన్-1 (పశ్చిమ యూరప్ భాషల క్యారెక్టర్ సెట్) అనుకుని చదివిన ఫలితం. తెలుగు కోడ్ మొదటి బైట్ లాటిన్-1లో ఆ ఏ అవుతుంది, రెండోది డిగ్రీ లేదా ప్లస్-మైనస్ అవుతుంది. దీన్ని బాగుచేయొచ్చు: ఆ స్ట్రింగ్‌ను లాటిన్-1తో మళ్లీ ఎన్‌కోడ్ చేసి యూటీఎఫ్-8తో డీకోడ్ చేయండి.

డీటీపీ సెంటర్లలో టైప్ చేయించి పంపే మ్యాటర్ ఈ రెండింటిలో దేనికీ చెందదు. పాత యూనికోడేతర ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లిష్ కోడ్ల మీద కూర్చుని ఉంటాయి. దానికి ఏ డీకోడింగూ పనిచేయదు, ఆ ఫాంట్‌కు తగ్గ కన్వర్టర్ కావాలి.

పంపేటప్పుడు ఈమెయిల్‌మెసేజ్ క్లాస్ వాడండి. సబ్జెక్టుకు తెలుగు స్ట్రింగ్ నేరుగా ఇవ్వండి, చుట్టడం, ముక్కలు చేయడం అదే చూసుకుంటుంది. సెట్_కంటెంట్‌లో సీటీఈ='బేస్64' అని చెప్పండి (సీటీఈ అంటే పైన చెప్పిన బస్తాయే). చెప్పకపోతే 8బిట్ ఎంచుకోవచ్చు, దారిలో ఏ పాత సర్వర్ ఎట్లా తీసుకుంటుందో అన్న బెంగ ఎందుకు? కోటెడ్ ప్రింటబుల్ తెలుగుకు భారం. బైట్‌కు మూడు అక్షరాల చొప్పున ఒక్కో కోడ్‌కు 9 పడతాయి, బేస్64లో నాలుగే. యాడ్_అటాచ్‌మెంట్‌కు తెలుగు ఫైల్ పేరు ఇచ్చినా పర్వాలేదు, 2231 పద్ధతిలోనే రాస్తుంది.

మీ దగ్గర తప్పిన మెయిళ్లను పారేయకుండా ముడి బైట్లుగానే ఒక ఫోల్డర్‌లో దాచండి, కోడ్ మార్చిన ప్రతిసారీ వాటి మీద నడిపి చూడండి. నా ఫోల్డర్‌లో మొదటిది ఆ మిర్చి మెయిలే. పొడుగు సబ్జెక్టుకు ఇంకా ఎర్రర్ వస్తే ఆ ముడి హెడర్ ఒక్కటి ఇక్కడ పెట్టండి, అక్షరం ఎక్కడ విరిగిందో బైట్ లెక్కతో చూపిస్తాను. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం తీసేసి పెట్టండి.