తిరిగేదే తిరిగొస్తుంది

సందేహం: సంలీన (ఫ్యూజన్) శక్తి మీద వ్యాసంలో ‘మాగ్నెటిక్ మిర్రర్ కన్‌ఫైన్‌మెంట్’ను ‘అయస్కాంత దర్పణ నిర్బంధం’ అన్నాను. ‘ప్లాస్మా కణాలు కొసల్లో ప్రతిబింబిస్తాయి’ అన్న నా వాక్యం తప్పంటున్నాడు మిత్రుడు. ఏది సరి?
– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాదు

సమాధానం: మీ మిత్రుడి మాటే ఒప్పు. ప్రతిబింబించాలంటే బింబం ఉండాలి. ఇక్కడ కణం పోయి వెనక్కి వస్తోంది, అంతే. అది పరావర్తనం. ఈమధ్య పత్రికల్లో ప్రజాభిప్రాయం మొదలు బంగారం ధర దాకా ప్రతిబింబించనిది లేదు; కణాలనైనా వదిలేద్దాం.

పరావర్తనంలో ఉన్నది ‘వృత్’ ధాతువు. ఆవర్తనంలోనూ అదే. మన ‘తిరుగు’ ఆ రెండు పనులనూ ఒంటరిగా మోస్తుంది: తిరుగలి తిరుగుతుంది, ఊరెళ్లినవాడు తిరిగివస్తాడు. (తెలంగాణలో రెండోదాన్ని ‘మర్లొచ్చిండు’ అంటారు, అదీ సొగసే.) ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లుగా, ధనావేశపు అయాన్లుగా విడిపోయిన వేడి వాయువును, గొట్టంలో అయస్కాంత క్షేత్రంతో పట్టి ఉంచే ఈ యంత్రం పనంతా ఆ ఒక్క క్రియలో ఉంది. విద్యుదావేశమున్న కణం క్షేత్రరేఖ చుట్టూ గిరగిరా తిరుగుతూ ముందుకు సాగుతుంది. గొట్టం రెండు కొసల్లో తీగచుట్టలు క్షేత్రాన్ని బలపరుస్తాయి. క్షేత్రం నెమ్మదిగా నాలుగు రెట్లయ్యేసరికి గిరగిరా తిరిగే చలనంలోని శక్తీ నాలుగు రెట్లవుతుంది. అయస్కాంత బలం కణానికి కొత్త శక్తినివ్వదు గనుక ఆ పెరిగినదంతా ముందుకు సాగే చలనంలోంచే రావాలి. అది సున్నాకు దిగినచోట కణం తిరుగుముఖం పడుతుంది.

చాలినంత తిరిగేదే తిరిగొస్తుంది. కొసల్లో క్షేత్రం నడుమకన్నా నాలుగు రెట్లుంటే, నడుమ క్షేత్రరేఖకు 30 డిగ్రీలలోపు వాలుతో బయల్దేరినవి కొసలోంచి జారిపోతాయి. కణాలు అన్ని దిక్కులకూ సమంగా పోతుంటే, ఇవి సుమారు 13 శాతం. అవి పోతే పీడ విరగడైందనుకోవద్దు. మిగిలినవి ఒకదాన్నొకటి ఢీకొని, దారి మళ్లి, ఆ 30 డిగ్రీల వాలులోనే, అంటే ‘నష్టశంకువు’లోనే, పడుతుంటాయి. ఎలక్ట్రాన్లు ముందు పోతాయి. లోపల ధనావేశం మిగిలి అయాన్లను బయటికి తోస్తుంది. 1950లలో అమెరికాలో రిచర్డ్ పోస్ట్, సోవియట్ యూనియన్‌లో బుడ్కర్ అనే భౌతికశాస్త్రవేత్తలు ఈ పద్ధతిని తలపెట్టిన నాటినుంచీ తగువంతా ఈ కారుడుతోనే.

‘దర్పణం’ ఉండనివ్వండి. అచ్చతెలుగు తీరు కావాలంటే ‘అయస్కాంత అద్దం’ అని అతికించకండి; టుగాగమం చేసి (నడుమ ‘ట్’ చేర్చి) ‘అయస్కాంతపుటద్దం’ అనండి. ‘నిర్బంధం’ తప్పనలేను గానీ, కొసలు తెరిచిన గొట్టానికి అంత మాటెందుకు? ‘కట్టడి’ చాలదా? గొట్టాన్ని వలయంగా వంచి కొసలే లేకుండా చేసిన టోకమాక్‌కైతే ‘నిర్బంధం’ వాడుకోండి, అడ్డుచెప్పను.