అమ్మానాన్నలిద్దరికీ షుగర్ ఉంటే, సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుందా?

రాయగడ నుంచి అడిగిన ప్రశ్న ఇది. రావచ్చు. చూడ్డానికి సన్నగా ఉన్నా కాలేయంలో, కండరాల్లో కొవ్వు చేరడం మనవాళ్లలో మామూలే.

అన్నం తిన్నాక ఇన్సులిన్ కండరకణం మీది గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆ సంకేతంతో లోపలున్న గ్లూట్-4 ప్రోటీన్లు పైపొరకు చేరి గ్లూకోజును లోపలికి పంపుతాయి. కణంలో కొవ్వు పేరుకుంటే సంకేతం సగంలోనే నీరసిస్తుంది. దాన్ని సరిదిద్దడానికి క్లోమంలోని బీటా కణాలు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతాయి. కొన్నేళ్లు నెట్టుకొస్తాయి. అవి చేతులెత్తేస్తేనే రిపోర్టులో షుగర్ కనబడుతుంది.

వంశపారంపర్యం ఎక్కువగా పనిచేసేది ఈ బీటా కణాల మీదే. 2006లో గుర్తించిన టీసీఎఫ్7ఎల్2 జన్యువులోని ఒక తేడా ఇన్సులిన్ విడుదలను తగ్గిస్తుంది. ఇలాంటి తేడాలు వందల్లో ఉన్నాయి, ఒక్కోదాని వాటా చిన్నదే. కాబట్టి జీన్ టెస్టుకు డబ్బు తగలేయకండి (అమ్మేవాళ్లు ఏమైనా చెప్తారు).

హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించండి: 5.7 నుంచి 6.4 శాతం అయితే హెచ్చరిక, 6.5 నుంచి మధుమేహం. ఒక్క మాట: రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు. మీ ఇంట్లో ఉంటే ఈ పరీక్ష అంకె తప్పు చూపొచ్చు. పరగడుపు షుగర్ కూడా చూపించుకోండి, 126 మి.గ్రా./డె.లీ. నుంచి మధుమేహం కిందే లెక్క.