ఫోన్‌ల ఆర్డర్ పెడితే మందు ఇంటికొస్తదా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ పక్కన పల్లె. మా బావ భువనేశ్వర్‌ల జాబ్ చేస్తడు, ఆడ యాప్‌ల ఆర్డర్ పెడితే సీసా ఇంటికే వస్తదంట. నెలాఖరుకు చెల్లె పెండ్లి దావత్ ఉందని నేను గూడ నెట్‌ల వెతికితే ‘వైన్స్ హోం డెలివరీ’ అని ఒక నంబర్ దొరికింది, వాట్సాప్‌ల రేట్ల లిస్ట్ పంపిండు, సగం అడ్వాన్స్ అంటే 4,200 కొట్టిన. తర్వాత బిల్లు కోసం ఓటీపీ చెప్పమన్నడు, నాకు డౌటొచ్చి చెప్పలే, అప్పటిసంది ఫోన్ ఎత్తుతలేడు. కంప్లైంట్ ఇస్తే నామీదనే కేసైతదా?

జవాబు: తమ్మీ, ఓటీపీ చెప్పకపోవుడు మంచి పని చేసినవ్. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు, ఈ పేజీ చదువుడు తర్వాత. పైసలు వాని ఖాతాల్నుంచి వేరే ఖాతాకు పోకముందే ఆపాలె గద, అందుకే గంటలు కూడ లెక్కనే. యూటీఆర్ నంబర్, అంటే పైసలు కొట్టినప్పుడు వచ్చిన లావాదేవీ నంబర్, దగ్గర పెట్టుకో, చాట్ డిలీట్ చెయ్యకు. మందు కోసమని చెప్పనీకి సిగ్గు పడకు, సీసా నీ చేతికి రానే రాలే, మోసపోయినోడివి నువ్వు, ఫిర్యాదు నీది.

ఇగ బావ చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే అది ఆ రాష్ట్రం సంగతి. 2020 మే నెలల, లాక్‌డౌన్ టైంల, దుకాణాల ముందు లైన్లు చూసి హోం డెలివరీ గురించి ఆలోచించమని సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది, ఒడిశా, బెంగాల్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ లాంటివి తలుపు తెరిచినయి. రాజ్యాంగంల మందు రాష్ట్రాల జాబితాల ఉంటది కాబట్టి ఎవరి చట్టం వాళ్లది. మన తెలంగాణల హోం డెలివరీ లేదు; మనకు 1968 నాటి ఎక్సైజ్ చట్టం, దాని కింద వైన్స్‌కు ఇచ్చేది ఏ4 లైసెన్స్, అది ఆ షట్టర్ కాడ అమ్మనీకే. ఆ షట్టర్ కోసమే 2025 టెండర్ల ఒక్క అప్లికేషన్‌కు 3 లక్షలు కట్టిన్రు, లాటరీల తగలకున్నా అవి వాపసు రావు. అసొంటి షాపుల సీసా కొని ఇంకో కాడ అమ్మితే ఏమంటం? బెల్ట్ షాపు. ఇంటికి తెచ్చి అమ్మేటోడు బెల్ట్ షాపుకు బైక్ చక్రాలు కట్టినోడు, అంతే.

ఇంకోటి, బావ వచ్చేటప్పుడు సూట్‌కేస్‌ల నాలుగు ఫుల్లు తెస్త అంటడు చూడు, వద్దని చెప్పు. అక్కడ ట్యాక్స్ కట్టిన సీసా ఇక్కడ ఎన్‌డీపీ కిందికి వస్తది, అంటే మన సర్కారుకు డ్యూటీ కట్టని మందు. మూత మీద మన హోలోగ్రామ్ ఉండదు, దావత్‌ల ఎవలన్న కంప్లైంట్ ఇస్తే పెండ్లి సంబురం మొత్తం స్టేషన్ల తెల్లారుతది. 21 ఏండ్లు నిండని పోరగాళ్లను వైన్స్‌కు తోలకుండ్రి, వాళ్లకు అమ్మొద్దని రూల్.

(మా నల్గొండోళ్లకు కల్లు ఉండంగ ఈ యాప్‌లెందుకో నాకర్థం కాదు, సరే, దానికి గూడ గౌడన్నలకు వేరే లైసెన్స్ ఉంటది.)

దావత్ ఫంక్షన్ హాల్‌లనా ఇంట్లనా నువ్వు రాయలే. హాల్‌ల అయితే ఎక్సైజ్ వాళ్ల దగ్గర ఒక్కరోజు ఈవెంట్ పర్మిట్ తీసుకో, మందు వైన్స్‌లనే కొను, బిల్లు జేబుల పెట్టుకో.